కట్‌పీసుల వరలక్ష్మి

వరలక్ష్మి దగ్గర జాకెట్ కుట్టించుకోవాలంటే ముందు నాలుగు మాటలు పడాలి. టేపు నడుముకు చుడుతూనే, "పోయినసారికంటె రెండు వేళ్లు పెరిగినవ్. నువ్వు దాసినా టేపు దాస్తదా?" అంటుంది. అదీ షాపు బయట నిలబడ్డ వాళ్లకు వినబడేట్టు! నాకు ఒకరి చేత మాట పడే అలవాటు లేదు. స్వప్న మేడానికి కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో అటెండర్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా చెప్పుకుంటారు, అది నిజమే. అయినా ఏళ్ల తరబడి నా జాకెట్లన్నీ ఆమే కుట్టింది. ఇంకెవరు కుట్టినా చంక కింద పట్టేస్తుంది, ఏం చేయను!

మాది వరంగల్ కరీమాబాద్‌లో ఒక ఇరుకు గల్లీ. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తాను. మా ఇంటికి ఎదురుగా ఉన్న షట్టరే వరలక్ష్మి దుకాణం. ఆమె పుట్టింది పరకాల పక్కన ఒక పల్లెలో. చిన్నప్పుడు ఊళ్లో దర్జీ పక్కన కూర్చుని గుండీలు కుట్టేది. ఆయన చాయ్ తాగడానికి వెళ్లగానే మిషనెక్కి తొక్కేది, తిట్లు తినేది, మర్నాడు మళ్లీ ఎక్కేది. అట్లా పని నేర్చుకుంది. పెళ్లయి వరంగల్ వచ్చింది. భర్త యాదగిరి ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. సాయంత్రం గుమ్మంలో కాలు పెట్టాడంటే తుమ్ములు మొదలు. "ఇంట్ల ఒక్కరన్న తుమ్మకుంట పనిచెయ్యాలె" అని వరలక్ష్మి ఈ షట్టర్ తీసుకుంది.

తానుల్లో మిగిలిన కట్‌పీసులు తెచ్చి అమ్ముతుంది, వాటితోనే కుడుతుంది. ఆమె చేతిలో గుడ్డ ముక్క వృథా పోవడం నేను చూడలేదు. చేతెడు ముక్క ఉంటే చంటిపిల్ల గౌనుకు పనికొస్తుంది, వేలెడు ఉంటే జాకెట్ డోరీకి, దానికీ పనికిరానిది బొంతలోకి పోతుంది. హుక్కులూ కాజాలూ మాత్రం తాను కుట్టదు. అవి పక్క గల్లీ ఏసమ్మ పని. ఏసమ్మ మా చర్చి మనిషే, చేతిపనిలో దిట్ట, కాకపోతే ఆమెకు జ్వరమొస్తే మా గల్లీ జాకెట్లన్నీ కాజాల దగ్గర ఆగిపోతాయి.

పోయినేడు చలికాలంలో వరలక్ష్మి చేతులు మొరాయించాయి. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా అయ్యాయి. కత్తెర పట్టుకుంటే జారిపోతోంది. అత్త సమ్మమ్మ ఆముదం కాచి రాసింది, ఉప్పు మిరపకాయలతో దిష్టి తీసింది, "మిషను మీద ఎవలో కన్ను పెట్టిన్లు" అని తేల్చేసింది. చివరికి నేనే కోప్పడి దవాఖానకు తోలాను. రక్తపరీక్షలో బయటపడింది, రుమటాయిడ్ కీళ్లవాతం. ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలే దారి తప్పి కీళ్ల మీద పడే జబ్బు.

దవాఖానలో చిన్న డాక్టరు మంచివాడు. విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చాడు. మొదట వారానికి ఒకసారి వేసుకునే మాత్ర రాశాడు. మా దగ్గర మాత్రను గోలి అంటాం. ఏదో ఒక రోజు అనుకుని అదే రోజు వేసుకోమంటే వరలక్ష్మి శనివారం అనుకుంది. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. వేంకటేశ్వరస్వామి పేరు మీద పగలంతా ఉపవాసముండి ఒక్కపూటే తింటుంది. అట్లాగైతే గోలి మరిచిపోనని లెక్క. కానీ ఆ మందు ఆమెకు పడలేదు. వాంతులు, పైగా లివర్ పరీక్ష కూడా తేడా వచ్చింది. ఎండాకాలంలో డాక్టరు దాన్ని ఆపి కొత్త మందు రాశాడు. కల్లు కూడా ముట్టొద్దన్నాడు.

"ముంజలు దిగే టైంల కల్లు బంద్ అంటడా! ఆ సారుకు దయలేదు చెల్లె" అని వరలక్ష్మి నా ముందు మొత్తుకుంది. కొత్త మందు రాసిన రోజు నాకు పరీక్షల డ్యూటీ ఉండి యాదగిరి ఆమె వెంట వెళ్లాడు. కొత్త గోలీల పట్టీ నాకు చూపించి, "నువ్వు గీ సదువే చెప్తవంట గదా. ఇది లోపటికి పోయి ఏం జేస్తదో జర చెప్పు" అంది.

పేరు చదివాను. లెఫ్లునమైడ్. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏటా నా క్లాసులో పిల్లలు కునుకు తీసే పాఠం ఒకటుంది, పిరిమిడిన్ న్యూక్లియోటైడ్ల తయారీ. ఈ మందు పనిచేసేది సరిగ్గా అక్కడే. ఉత్సాహంగా మొదలుపెట్టాను. "గ్లూటమిన్ నుంచి కార్బమాయిల్ ఫాస్ఫేట్ తయారై, దానికి ఆస్పార్టేట్ కలిసి..."

"ఏమే, తిడుతానవా?" అంది వరలక్ష్మి.

నాకు చుర్రుమంది. కానీ ఆమె ఒళ్లో ఉన్న గుడ్డపేలికలు చూసి ఆగాను. "సరే అక్కా, ఇట్లా విను. ఒంట్లో ఒక కణం రెండు కావాలంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏ అని కొత్తగా కుట్టుకోవాలి. దానికి రెండు రకాల ముక్కలు కావాలి. పెద్ద ముక్కలు ప్యూరిన్లు, వాటికి రెండు ఉంగరాలుంటాయి. చిన్న ముక్కలు పిరిమిడిన్లు, వాటికి ఒక్కటే ఉంగరం. ఈ చిన్నవాటి పేర్లు సైటోసిన్, యురాసిల్, థైమిన్. ఇంగ్లిషులో మొదటి అక్షరాలు సి, యు, టి. కలిపి చదువు."

ఆమె పెదాలు కదిపింది. "కట్!" అని కేకేసింది. "ఓరి నీ! కట్‌పీసులే గదనే!"

"కట్‌పీసులే. అవి తయారు కావాలంటే ఆరు పనులున్నాయి. మొదటి మూడు పనులూ ఒక్క ఎంజైమే చేస్తుంది. చివరి రెండూ ఇంకొకటి చేస్తుంది. నడిమిట్ల నాలుగో పని మాత్రం వేరే గదిలో కూర్చున్న ఎంజైమ్ చెయ్యాలి. దాని పేరు డైహైడ్రో ఓరోటేట్ డీహైడ్రోజినేజ్. కూర్చునే గది మైటోకాండ్రియా."

"పక్కగల్లీల ఉంటది. అది చెయ్యకుంటే సరుకు కదలదు. అంటే మన ఏసమ్మ!"

"ఆ, ఏసమ్మే! నీ గోలి పోయి ఆ ఏసమ్మ చెయ్యి పట్టుకుంటుంది."

ఆమె నవ్వు ఆపి ఆలోచనలో పడింది. "మరి మంచి కణాల గతేంది? అవ్విటికి గుడ్డ వద్దా?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. "నెమ్మదిగా బతికే కణాలు పాత ముక్కలు ఏరుకుని మళ్లీ వాడుకుంటాయక్కా. నీ బొంతల లెక్క. మా భాషలో సాల్వేజ్ అంటాం. కొట్లాటకు దిగిన తెల్లకణాలకు అది చాలదు. అవి ఒక్కసారిగా వందల్లో పెరగాలి, దానికి కొత్త సరుకు కావాలి. ఏసమ్మ ఆగిందంటే వాటి ఆగడం ఆగుతుంది. నీ చేతులు నీకొస్తాయి."

"అంటే నా సరుకే బంద్ పెట్టి నా చేతులు మంచిగ చేస్తరు! బలే దొంగమందే ఇది" అని పకపకా నవ్వింది.

మర్నాడు క్లాసులో ఇదే చెప్పాను. ఒక్కరూ కునుకు తీయలేదు. తర్వాత పెట్టిన చిన్న పరీక్షలో ఒకమ్మాయి నాలుగో ఎంజైమ్ పేరు దగ్గర 'ఏసమ్మ' అని రాసింది. మండిపోయి సున్నా వేశాను. నవ్వాగక తర్వాత అర మార్కు కలిపాను. ఈ సంగతి ఎట్లా పాకిందో ఏమో, ఆదివారం చర్చి మెట్ల మీద అసలు ఏసమ్మ నన్ను నిలబెట్టింది. "నా పేరు పరీక్షల రాస్తాన్రంట! నేనేం తప్పు జేసిన మేడం?" అని అడిగింది. ఆమెకు నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

వానలు మొదలయ్యాయి. వరలక్ష్మి చేతులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. దవాఖానకు పోతే డాక్టరు, "మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగాడట. "ఒక్కటి గూడ మర్వలే సార్" అని ఈమె ఒట్టేసి చెప్పిందట. ఆయన ముఖం మాడ్చుకుని, ఇంకొన్నాళ్లు చూసి ఇంజెక్షన్లకు మారుద్దాం అన్నాడట. వినగానే నాకు దిగులేసింది. మందు ఎట్లా పనిచేస్తుందో అంత గొప్పగా చెప్పానే, అది పనిచేయడం లేదే! వరలక్ష్మి మాత్రం, "నా లోపటి ఏసమ్మ మస్తు మొండిది చెల్లె, చెయ్యి ఇడిపించుకుంటాంది" అని నన్నే ఓదార్చింది.

అసలు భయం వేరే ఉంది. యాదగిరి తమ్ముడు మహిపాల్‌కు కర్రీ పాయింట్ పెట్టాలని ఎప్పటి నుంచో ఆశ. మంచి పిల్లాడే. వండితే వీధి చివరిదాకా వాసన పోతుంది. "వదినా, నువ్వు కష్టపడకు. షట్టర్ నాకియ్యి, నువ్వు గల్లా మీద దర్జాగ కూసో" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. వరలక్ష్మికి మాత్రం ఆ మాట గుండెలో గుచ్చుకుంది. కూర్చోవడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. చాలాసేపు కత్తెరకేసి చూసి, "బతుకమ్మ దాకా ఆగు మహిపాలూ. అప్పటికి నా చేతులు రాకపోతే షట్టర్ నీదే" అంది. ఆమె మాటంటే మాటే. మా గల్లీలో అందరికీ తెలుసు.

తొలి ఏకాదశి వచ్చింది. కాలేజీకి సెలవు. వాళ్లింటికి పోతే సమ్మమ్మ దోసిట్లో పేలపిండి పెట్టింది. బెల్లం, పేలాలు దంచిన పొడి. నోరంతా పేలపిండి కుక్కుకున్నాను. వరలక్ష్మి సంబరంగా గోలీల పట్టీ తీసింది.

"ఇయ్యాల ఏకాదశి ఒక్కపొద్దు, మల్ల శనివారం ఒక్కపొద్దు. ఈ వారం రెండు గోలీలు పడుతయి చెల్లె. జర గట్టిగ పనిజేస్తదేమో!"

పేలపిండి నోట్లో ఉండగా మాట్లాడకూడదు. మాట్లాడబోయాను. పొడి గొంతులో పడి దగ్గు, కళ్లల్లో నీళ్లు. సమ్మమ్మ నెత్తిన చరిచింది, నీళ్లు తాగించింది. ఊపిరి తిరగగానే అరిచాను. "ఒక్కపొద్దుకూ గోలికీ ఏం సంబంధమే అక్కా?"

"ఏం సంబంధమంటవేంది? సారే చెప్పిండు. 'అమ్మా, ఈ కొత్త మాత్ర ఒక్క పొద్దు వేసుకుంటే చాలు' అన్నడు. పాత గోలి ఒక్కపొద్దు నాడు ఏసుకుంటానని నేను చెప్పి ఉంటి గదా. యాదికి పెట్టుకున్నడని మస్తు సంబురపడ్డ."

నాకు బుర్ర తిరిగింది. ఆ చిన్న డాక్టరు వాళ్ల వైపు మాటలో 'ఒక పూట' అని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మావాళ్లలా మాట్లాడాలని మోజుపడి పూట తీసేసి పొద్దు పెట్టాడు. రోజుకు ఒక్క పొద్దు అని ఆయన ఉద్దేశం. ఈమేమో ఉపవాసమున్న రోజే వేసుకుంటోంది. రోజూ పడాల్సిన గోలి వారానికొకటి పడుతోంది! నేను చర్చికి పోయేదాన్ని, మాకు ఉపవాస ప్రార్థనలే గానీ శనివారం ఒక్కపొద్దులు లేవు. నాకీ ఆలోచనే రాలేదు.

"రోజూ వేసుకోవాలక్కా! రోజూ ఒక్క పొద్దు!" అని నెత్తి కొట్టుకున్నాను.

సమ్మమ్మ గుండెలు బాదుకుంది. "రోజు ఒక్కపొద్దా! పనిజేసే మనిషి రోజు ఉపాసముంటె బతుకుతదా? ఏం డాక్టర్ వాడు, వాని అమ్మను ఉంచుతడా గట్ల?"

ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పేసరికి నా గొంతు పోయింది. వరలక్ష్మి బిక్కమొహం వేసింది. "నువ్వు ఏసమ్మ చెయ్యి పట్టుకుంటదంటివి. గుడ్డల దుకాణాల లెక్క వారానికోసారి బంద్ ఉంటే సాలనుకున్న" అంది.

"మరి తక్కిన రోజులు ఏసమ్మ కుడుతూనే ఉంటుంది కదే!"

"కుడుతది... అయ్యో, కుడుతది గదా!" అని తన నుదురు తానే కొట్టుకుంది.

అక్కడినుంచే డాక్టరుకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. "అయ్యయ్యో, పొద్దు అంటే పూటే కదండీ? మీ వాళ్లకు దగ్గరగా ఉంటుందని నేర్చుకున్నానండీ" అన్నాడు పాపం. తర్వాత ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. మందు నిజంగా పనిచేయడం లేదనుకుని ఇంజెక్షన్లు రాయబోయాడట. ఈ మందు ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టే వారానికొకటి వేసుకున్నా జబ్బు మరీ ముదరలేదేమో అన్నాడు. రక్తపరీక్ష చేయించి చూపించమన్నాడు. అది బాగుందని తేలాక, "రోజూ ఒకటి, అన్నం తిన్న తర్వాత" అని మూడుసార్లు చెప్పించి, ఆమె చేత కూడా అనిపించాడు. ఫలితం కనబడడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చనీ చెప్పాడు.

ఇక రోజూ పొద్దున కాలేజీకి పోయేముందు ఆ గుమ్మంలో నిలబడి, "గోలి పడ్డదా?" అని అరవడం నా డ్యూటీ అయింది. "పడ్డది తల్లీ, నువ్వు పో, పోలీసుదానివైనవ్" అని లోపలి నుంచి జవాబు. ఆ గోలికి మొదట్లో ఆమెకు కడుపు కదిలింది. దువ్వెనకు వెంట్రుకలు వచ్చాయి. "సవురం పెట్టుకుంట, చేతులుంటే సాలు" అంది. మహిపాల్ ఒకరోజు వచ్చి పొయ్యి ఎక్కడ పెట్టాలో జానలతో కొలుచుకుని వెళ్లాడు.

బతుకమ్మ దగ్గర పడుతోంది. గల్లీ ఆడవాళ్లు కొత్త చీరల జాకెట్ గుడ్డలు తెస్తున్నారు. వరలక్ష్మి మొదటిసారి ఒక్కొక్కరినీ వెనక్కి పంపింది. ఒక పొద్దున నేను వెళ్లేసరికి సమ్మమ్మ ఆమె జాకెట్ హుక్కులు పెడుతోంది. నన్ను చూసి వరలక్ష్మి కొంగు కప్పుకుంది.

"గల్లీ అందరికి జాకెట్లు కుట్టిన చెల్లె. నా హుక్కు నేను పెట్టుకోలేకపోతాన" అంది. అని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. ఎంజైముల గురించి నాకు తెలిసిందంతా ఆ నిమిషాన ఎందుకూ పనికిరాలేదు. పక్కన కూలబడి నేనూ ఏడ్చాను. "మీ ఇద్దరికి ఏమైందే, లేవుండ్రి" అని సమ్మమ్మ ఇద్దర్నీ కసిరి చాయ్ పెట్టింది.

ఆ తర్వాత నుంచి వరలక్ష్మి చేతుల సంగతి అడిగితే చెప్పడం మానేసింది. ఎప్పుడు చూసినా చేతులు కొంగు కింద దాచుకునేది. నయమైతే దిష్టి తగులుతుందని దాస్తోందో, నయం కాలేదని దాస్తోందో నాకు అంతుబట్టలేదు. నాకు ఒకటే కోపం, ఒకటే భయం.

పండుగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ ఇంకో వారం ఉందనగా దవాఖానలో చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. ఈసారి నేను సెలవు పెట్టి ఆమె వెంట పోయాను. యాదగిరి మీద నమ్మకం లేక కాదు, నేనే ఉండబట్టలేక. ఆటోలో కూడా ఆమె చేతులు కొంగు కిందే పెట్టుకుంది. ఆ పొద్దున మహిపాల్ ఫోన్ చేశాడట, పొయ్యి కొనుడా ఆగుడా అని. మధ్యాహ్నం చెప్తానందట.

డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూసి తలూపాడు. కణుపులు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. తర్వాత తన రెండు వేళ్లు ఆమె ముందు చాపాడు. "అమ్మా, ఇవి పట్టుకుని గట్టిగా పిండండి."

"ఎంత గట్టిగ సార్?"

"మీకు ఎంత చేతనైతే అంత."

ఆమె రెండో చేత్తో కొంగు సర్దుకుంది, పళ్లు బిగించింది, ఆ వేళ్లు పట్టుకుని పిండింది. డాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. "అబ్బా! చాలమ్మా, చాలు!"

ఆమె వదలలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది. "నొస్తాందా సార్?"

"నొస్తాందమ్మా!" అన్నాడు ఆయన. ఈసారి మాట సరిగ్గానే పడింది.

"నాకు నొస్తలేదు సార్" అంది వరలక్ష్మి. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి, పట్టు మాత్రం సడలలేదు. "నాకు జరంత గూడ నొస్తలేదు."

బయటికి రాగానే వరండాలో నిలబడి మహిపాల్‌కు ఫోన్ కలిపింది. "మహిపాలూ, పొయ్యి ఇంకో కాడ పెట్టుకో బిడ్డా. నా షట్టర్ నేను ఇయ్య."

అవతల ఆ పిల్లాడు వేసిన కేక పక్కన నిలబడ్డ నాకు కూడా వినబడింది. "చేతులు మంచిగైనయా వదినా?"

"మంచిగైనయ్ బిడ్డా" అంది. "గల్లీల చెప్పు, జాకెట్ గుడ్డలు మల్ల పట్టుకరమ్మని."